నలభై పౌన్ల కొలువు

మొన్న ఆదివారం పొద్దున్నే మా రెండో అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసింది. "అమ్మా, ఉద్యోగం మానేస్తున్నా. ఇంట్లో కూర్చుని పుస్తకాలకీ, పత్రికలకీ బొమ్మలు వేసుకుంటా" అంది. అప్పుడే పెనం మీద పెసరట్టు వేశాను. అది మాడిపోతోందని మావారు వచ్చి చెబితే గాని నాకు తెలియలేదు.

"నెలకి ఎంతొస్తుందే?" అన్నాను.

"ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు."

"ఇంటద్దె మాత్రం ప్రతి నెలా వస్తుందిగా తల్లీ!"

"నువ్వు మానెయ్యలేదూ?" అంది. ఇంక నేనేం మాట్లాడను?

అవును, మానేశాను. 1983లో. బెజవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పని చేసేదాన్ని. ఐదువందలకి సంతకం పెట్టించుకుని మూడువందల యాభై చేతిలో పెట్టేవారు. ఆ మూడువందల యాభైతో పాల ఖాతా, పిల్లల ఫీజులు వెళ్లిపోయేవి. అది వదులుకుని, ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాలాయన ఇచ్చే అనువాదాలు పట్టుకొచ్చుకున్నాను. పేజీకి మూడు రూపాయలు. అదీ పుస్తకం అచ్చయ్యాక! మా అత్తగారికి చెప్పే ధైర్యం లేక మూడు నెలలపాటు "సెలవు పెట్టానండీ" అనే చెప్పుకొచ్చాను.

నాకు వచ్చిన మొదటి పనుల్లో ఒకటి, ప్రపంచంలోని గొప్ప స్త్రీల జీవితాల మీద ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం. అందులో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ అనే ఆవిడకి పేజీన్నర కేటాయించారు. 1792లో స్త్రీల హక్కుల మీద పుస్తకం రాసింది, 1797లో కాన్పయిన పదకొండో రోజున పోయింది, ఆ పుట్టిన పిల్లే పెద్దయ్యాక 'ఫ్రాంకెన్‌స్టైన్' నవల రాసిన మేరీ షెల్లీ. అంతే. నాలుగున్నర రూపాయల పని. అందులో ఒక్క వాక్యం దగ్గర మాత్రం నా కలం ఆగింది. గవర్నెస్ ఉద్యోగం పోయాక ఆవిడ లండన్ చేరి కలం మీద బతకడానికి నిశ్చయించుకుందిట. ఎలా బతికింది? అద్దె ఎవరు కట్టారు? ఆ పేజీన్నరలో ఆ ముక్క లేదు. గొప్పవాళ్ల జీవితాలు రాసేవాళ్లకి అద్దె సంగతి ఎందుకో పట్టదు. నాకు మాత్రం అదే పట్టుకుంది. ఆ తర్వాత ఎక్కడ ఏ పుస్తకం దొరికినా ఆవిడ ఇంటి జమాఖర్చుల కోసమే చదివాను. మా అమ్మాయికి ఫోన్లో చెప్పిందీ అదే, కాస్త అటూ ఇటూగా.

మేరీ 1759లో లండన్‌లో పుట్టింది. తాతగారు పట్టునేత పనిలో బాగా సంపాదించిన మనిషి. తండ్రికి పెద్దమనిషి వ్యవసాయదారు కావాలని కోరిక. ఊరు మారినప్పుడల్లా కాస్త చొప్పున ఆస్తి కరిగించేశాడు. తాగి వచ్చి భార్యని కొట్టేవాడు. ఆ రాత్రుళ్లు ఈ పిల్ల తల్లి గది బయట మెట్ల దగ్గర కాపలాగా పడుకునేదని ఆవిడ భర్త గాడ్విన్ తర్వాత రాశాడు. ఇలాంటి ఇంట్లో పెద్దకూతురంటే ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా? తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆవిడ నెత్తినే పడ్డారు.

ఆ రోజుల్లో చదువుకుని, డబ్బులేని మధ్యతరగతి ఆడపిల్లకి పరువుగా బతకడానికి మూడే దారులు. ఒకటి, డబ్బున్న ముసలావిడకి తోడుగా ఉండటం. రెండు, బడి పెట్టుకోవడం. మూడు, జమీందార్ల ఇళ్లలో ఉండి పిల్లలకి చదువు చెప్పే గవర్నెస్ కొలువు. మేరీ మూడూ చేసింది. పంతొమ్మిదో ఏట బాత్ అనే ఊళ్లో ఒకావిడకి తోడుగా వెళ్లింది. తల్లికి జబ్బు చేస్తే తిరిగొచ్చి 1782లో ఆవిడ పోయేదాకా చాకిరీ చేసింది. 1784లో చెల్లెలు ఎలైజాని మొగుడి ఇంట్లోంచి బండిలో తప్పించి తీసుకొచ్చేసింది. చట్టప్రకారం బిడ్డ తండ్రి సొత్తు. పసిగుడ్డుని అక్కడే వదిలి రావలసి వచ్చింది, ఆ పిల్ల ఏడాది తిరక్కుండానే పోయింది. ఆ సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ మనసు పాడవుతుంది.

ఆ ఏడాదే చెల్లెళ్లతో, ప్రాణస్నేహితురాలు ఫానీ బ్లడ్‌తో కలిసి న్యూయింగ్టన్ గ్రీన్‌లో బడి పెట్టింది. ఫానీ పెళ్లి చేసుకుని లిస్బన్ వెళ్లి, 1785 చివర్లో పురిట్లో పోయింది. ఆఖరి ఘడియల్లో దగ్గరుండటానికి మేరీ ఓడెక్కి వెళ్లింది. తిరిగొచ్చేసరికి బడి మూతపడే స్థితికి వచ్చింది. చుట్టూ అప్పులు. అప్పుడు మొదటిసారి డబ్బు కోసం కలం పట్టింది. ఆడపిల్లల చదువు మీద చిన్న పుస్తకం. జోసెఫ్ జాన్సన్ అనే ప్రచురణకర్త పది గినీలు ఇచ్చాడు. ఆ పది గినీలూ ఏం చేసిందనుకున్నారు? బాకీలు తీర్చుకుందా? ఫానీ అమ్మానాన్నలు ఐర్లండ్ వెళ్లడానికి దారి ఖర్చులకి ఇచ్చేసింది! ఏ మాటకామాటే చెప్పుకోవాలి, డబ్బు విషయంలో ఆవిడ మనకి పాఠం చెప్పదగ్గ మనిషి కాదు.

తర్వాత మూడో దారి. 1786లో ఐర్లండ్‌లో మిచెల్స్‌టౌన్ అనే చోట కింగ్స్‌బరో ప్రభువుల కోటలో గవర్నెస్‌గా చేరింది. ఏడాదికి నలభై పౌన్లు, భోజనం, వసతి. చేతిలో కాణీ లేనివాళ్లకి ఆ నలభై గొప్పే. అయితే అక్కడ ఆవిడ అటు అతిథి కాదు, ఇటు పనిమనిషి కాదు. ఆ ఇంటి దొరసానికి పిల్లలకంటే కుక్కపిల్లల మీద ముద్దు ఎక్కువని ఉత్తరాల్లో చెల్లెళ్లకి రాసుకుంది. పిల్లలేమో తల్లిని వదిలి ఈ పంతులమ్మ కొంగు పట్టుకుని తిరగడం మొదలెట్టారు. ఏ తల్లి ఓర్చుకుంటుంది? 1787 ఆగస్టులో ఉద్యోగం ఊడింది. (ఆ పిల్లల్లో పెద్దది మార్గరెట్ తర్వాత మగవేషం వేసుకుని జర్మనీలో వైద్యం పాఠాలు విన్నది! అది ఇంకో కథ.)

ఇక్కడ అసలు విషయం. ఆవిడ అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లది. ఇంకో కొలువు చూసుకోవచ్చు. చూసుకోలేదు. తిన్నగా లండన్‌లో సెంట్ పాల్ చర్చి పక్కనున్న జాన్సన్ దుకాణానికి వెళ్లి, నాకు పని ఇవ్వండి, రాసి బతుకుతాను అంది. ఆయన బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన అవతల జార్జి స్ట్రీట్‌లో చిన్న ఇల్లు చూసిపెట్టాడు. ఆ నవంబరులో చెల్లెలు ఎవరీనాకి ఉత్తరం రాస్తూ, కొత్త జాతి ఒకటి పుడుతోంది, అందులో మొదటి ప్రాణిని నేను అన్న అర్థంలో రాసింది. రాసి, ఎవరికీ చెప్పకు అని ఒట్టు పెట్టించుకున్నంత పని చేసింది. నవ్వులపాలవుతానని భయం. ఇది చదివినప్పుడు నా సెలవు అబద్ధం గుర్తొచ్చి కొంచెం ఊరట కలిగింది.

మొదటి ప్రాణి అన్నది నిజానికి కొంచెం ఎక్కువ. అంతకు నూరేళ్ల ముందే అఫ్రా బెన్ అనే ఆవిడ నాటకాలు రాసి బతికింది. మేరీ కాలంలోనే షార్లెట్ స్మిత్ బోలెడంతమంది పిల్లల్ని పెట్టుకుని, భర్త చేసిన అప్పుల మధ్య నవల మీద నవల రాసింది. మేరీది కొత్త అయితే, అది ఇంకో రకంగా కొత్త. ఆవిడ ఒక పుస్తకం రాసి అదృష్టం కోసం ఎదురుచూడలేదు. ఒక ప్రచురణకర్త దగ్గర ఏ పని ఉంటే ఆ పని, రోజువారీ కూలిలాగా చేసింది.

లెక్క వేసి చూడండి. గినీ అంటే ఇరవై ఒక్క షిల్లింగులు, పౌను ఇరవై. పుస్తకానికి పది గినీల లెక్కన, ఆ నలభై పౌన్ల జీతం తిరిగి చూడాలంటే ఏడాదికి నాలుగు పుస్తకాలు రాయాలి. అప్పుడు కూడా కోటలో ఊరికే వచ్చే తిండీ, మంచం, పొయ్యిలో బొగ్గూ తన జేబులోంచే పోవాలి. ఏ ఆడపిల్ల అయినా ఈ లెక్క కాగితం మీద వేసుకుంటే ఉద్యోగం మానదు. నేనూ వేసుకున్నాను. నెలకి నూట పదిహేడు పేజీలు చేస్తేనే నా మూడువందల యాభై నాకు దక్కుతుందని తేలింది. కాగితం చింపి చెత్తబుట్టలో పడేశాను.

పని ఎలాంటిదంటారా? 1788 ఒక్క ఏడాదిలో ఆవిడ పేరున వచ్చినవీ, రానివీ చూడండి. 'మేరీ' అనే నవల. పిల్లలకి నీతికథల పుస్తకం (1791లో రెండోసారి అచ్చు వేసినప్పుడు దానికి బొమ్మలు వేసినవాడు విలియం బ్లేక్. ఈ ముక్క మా అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పాను). ఫ్రాన్సు మంత్రి నెక్కర్ రాసిన మతగ్రంథానికి ఫ్రెంచి నుంచి అనువాదం. మే నెలలో జాన్సన్ 'అనలిటికల్ రివ్యూ' అనే మాసపత్రిక మొదలెడితే అందులో నెల నెలా సమీక్షలు. వచ్చిన ప్రతి చెత్త నవలా ఆవిడ బల్ల మీదికే వచ్చేది. తర్వాత డచ్చి పుస్తకం, జర్మన్ పుస్తకం. ఆ భాషలు ముందు వచ్చి కాదు, అనువాదం చేస్తూ నేర్చుకుంది! సాల్జ్‌మన్ అనే ఆయన జర్మన్ పుస్తకం అలాగే చేసింది. విచిత్రం చూడండి, తర్వాత కొన్నాళ్లకి ఈవిడ స్త్రీల హక్కుల పుస్తకం జర్మన్‌లోకి వెళ్లినప్పుడు దానికి ముందుమాట రాసింది ఆ సాల్జ్‌మనే.

1789లో ఆడపిల్లల కోసం ఒక వాచకం కూర్చింది. అట్ట మీద పేరు మాత్రం క్రెసిక్ అనే ఒక మగ ఉపాధ్యాయుడిది. మగపేరుంటే అమ్ముడుపోతుందని కాబోలు. నేను చేసిన నాలుగు పుస్తకాల మీద నా పేరు ఇప్పటికీ లేదు. ఒక దాని మీద ప్రచురణకర్తగారి బావమరిది పేరుంది. అప్పట్లో ఏడ్చాను. క్రెసిక్‌గారి సంగతి తెలిశాక ఏడుపు తగ్గింది గాని కోపం తగ్గలేదు.

పొదుపు సంగతి అడిగారు గనక చెబుతాను. (మీరు అడగలేదు, మా అమ్మాయి అడిగింది.) ఆ ఇంట్లో సామాను అంతంతమాత్రం. ముతక గుడ్డ గౌను, నల్లటి ఉన్ని మేజోళ్లు, బీవరు బొచ్చు టోపీ, భుజాల మీద వేలాడే దువ్వని జుట్టు. ఇదీ ఆవిడ వేషమని చిత్రకారుడు ఫ్యూజెలీ జీవితం రాసినాయన వెక్కిరింపుగా రాశాడు. పేరొచ్చాక 1792లో ఫ్రెంచి దొర తాలిరాండ్ ఇంటికి వస్తే, టీ ఇచ్చిన కప్పుల్లోనే వైనూ పోసి ఇచ్చిందని చెబుతారు. గ్లాసులు లేవు మరి! ఈ కథ చదివి మగవాళ్లు నవ్వుతారు. మనం అయితే పక్కింటికి పరుగెత్తి గ్లాసులు అడిగి తెచ్చి ఉండేవాళ్లం. ఆవిడ వెళ్లలేదు. ఆ పరుగు మానుకోవడం వల్ల ఎంత టైము మిగులుతుందో ఆవిడకి తెలుసు.

కాని తన మీద ఆదా చేసింది ఎక్కడికి పోయింది? ఎవరీనాని ఫ్రెంచి నేర్చుకోవడానికి పారిస్ పంపింది. ఎలైజాని ఒక బడిలో పెట్టింది. తమ్ముళ్ల చదువులు, ఉద్యోగాలు, ఒకడికి అమెరికా ప్రయాణం. తండ్రి ఆస్తి తగాదాలు. ఫానీ అత్తింటి తాలూకు ఏడేళ్ల తల్లిలేని పిల్లని కూడా తెచ్చి పెంచుకుంది. జార్జి స్ట్రీట్‌లో ఉన్న ఆ మూడు నాలుగేళ్లలో తోబుట్టువుల మీద పెట్టిన ఖర్చు రెండువందల పౌన్లకి తక్కువ ఉండదని జాన్సన్ తర్వాత లెక్క చెప్పాడు. అంటే అయిదేళ్ల గవర్నెస్ జీతం!

మరి చాలకపోతే? జాన్సన్ ఉన్నాడు. లెక్క తేల్చి నేను మీకు ఎంత బాకీయో చెప్పండి అని ఆవిడ ఆయనకి రాసిన చీటీలు ఉన్నాయి. ఆయన ముందుగా డబ్బిచ్చేవాడు, తర్వాత పనిలో విరుచుకునేవాడు. ఆయన పెళ్లి చేసుకోలేదు, ఉబ్బసం మనిషి. దుకాణం మీది గదిలో భోజనాలకి రచయితల్ని పిలిచేవాడు. సాదా తిండి, చివర రైస్ పుడ్డింగు. ఈవిడ మధ్యాహ్నాలు చాలావరకు, సాయంత్రాలు దాదాపు అన్నీ అక్కడే గడిపేది. ఒక పూట తిండి, నాలుగు మంచి మాటలు, చలిమంట కలిసొచ్చేవి. ఇలా చేతిపనితో బతకదల్చుకున్నవాళ్లకి తెలివికంటే, ధైర్యంకంటే ముందు కావలసింది అలాంటి ఒక మనిషి అని నా అభిప్రాయం. నాకు ఏలూరు రోడ్డు పుస్తకాలాయన అలాంటివాడు కాదు. బావమరిది సంగతి చెప్పానుగా.

జాన్సన్ గడుసుతనం ఒకటి చెప్పకపోతే అన్యాయం. 1790 నవంబరు 1న ఎడ్మండ్ బర్క్ అనే పెద్ద పార్లమెంటు వక్త ఫ్రెంచి విప్లవాన్ని తిడుతూ పుస్తకం వేశాడు. మేరీ మండిపడి జవాబు రాయడానికి కూర్చుంది. రాసిన కాగితాలు రాసినట్టే అచ్చుకి పోతున్నాయి. సగంలో ఉన్నట్టుండి నీరసం ముంచుకొచ్చింది, ఇంక నావల్ల కాదని జాన్సన్ దగ్గరికి వెళ్లింది. ఆయన బతిమాలలేదు, కోప్పడలేదు. పోనీలెండి, అచ్చయిన ఫారాలు నేను సంతోషంగా పారేస్తాను, మీరు బాధపడకండి అన్నాడు. ఆవిడకి పౌరుషం తన్నుకొచ్చింది. ఇంటికెళ్లి పూర్తి చేసింది. నవంబరు 29కల్లా పుస్తకం బజారులో ఉంది. బర్క్‌కి వచ్చిన మొదటి జవాబు అదే. తొలిసారి పేరు లేకుండా, డిసెంబరులో రెండోసారి ఆవిడ పేరుతో వచ్చింది. 1792 జనవరిలో వచ్చిన స్త్రీల హక్కుల పుస్తకం అయితే ఆరు వారాల్లో రాసిందిట. ఆరు వారాలు ఏమిటి, నాలుగేళ్లు! రోజూ రాసి రాసి అలవాటైన చెయ్యి కాకపోతే ఆరు వారాల్లో అవుతుందా? పక్కవాళ్ల పుస్తకాలు తర్జుమా చేస్తూ, చెత్త నవలల్లో ఆడపిల్లల్ని ఎలా మూర్ఛపోయే బొమ్మలుగా చూపిస్తున్నారో నెల నెలా చదువుతూ పోగేసుకున్న ఒళ్లుమంట అంతా అందులో ఉంది.

తర్వాతి జీవితం చాలామందికి తెలిసినదే. 1792 డిసెంబరులో పారిస్ వెళ్లింది. ఇమ్లే అనే అమెరికన్ని నమ్మింది. 1794లో కూతురు పుట్టింది. అతను వదిలేశాడు. రెండుసార్లు ప్రాణం తీసుకోబోయింది కూడాను. చంటిపిల్లనీ, ఒక పనమ్మాయినీ వెంటబెట్టుకుని 1795లో స్వీడన్, నార్వే, డెన్మార్కులు తిరిగి, ఆ ఉత్తరాలని 1796లో పుస్తకంగా వేసింది. ఇమ్లే డబ్బిస్తానంటే వద్దంది. మళ్లీ జాన్సన్ పుస్తకాలే, మళ్లీ సమీక్షలే.

1797 మార్చి 29న విలియం గాడ్విన్‌ని పెళ్లి చేసుకుంది. ఆయనా రచయితే, ఆయనా బీదవాడే. ఈవిడ బాకీలు తీర్చడానికి ఆయన వెజ్‌వుడ్ అనే స్నేహితుడి దగ్గర యాభై పౌన్లు చేబదులు తెచ్చాడు. స్త్రీల హక్కుల గ్రంథం అచ్చయి అయిదేళ్లయినా, ఆ గ్రంథకర్త కొత్త కాపురానికి బాకీలతోనే వెళ్లింది. ఇద్దరూ స్వేచ్ఛ కోరినవాళ్లు గనక ఒక ఏర్పాటు చేసుకున్నారు. కాపురం ఒక ఇంట్లో, ఆయన రాతపనికి కొద్ది దూరంలో విడిగా ఒక గది. పొద్దున్నే లేచి ఆయన అక్కడికి వెళ్లిపోతాడు. బాగుంది కదూ? మరి ఆవిడ రాతపని? ఇంట్లోనే.

కాపురం పెట్టి వారం తిరిగిందో లేదో, ఏప్రిల్ 11న ఆవిడ ఆయనకి ఒక చీటీ రాసింది. ఒంట్లో బాగాలేదు, ఇంట్లో సింకు పాడైంది, ఇంటాయనతో మీరు గట్టిగా మాట్లాడరేం అని. ఇన్నాళ్లూ ఈ బేరసారాల తలనొప్పి జాన్సనో, మరొకరో చూసిపెట్టేవారు, ఇలాంటివి చెయ్యడం మీకెంత చేతకాదో నాకూ అంతే చేతకాదు, పని చేసుకునే తక్కినవాళ్ల టైము ఎంత విలువైందో నా టైమూ అంతే విలువైందని నేననుకుంటున్నాను అని.

నేను ఈ చీటీ చదివేనాటికి పని మానేసి, అంటే పని మొదలెట్టి, ఏడాదిన్నర అయింది. ఆ ఏడాదిన్నరలో మా వాటాలో ఉన్న అయిదిళ్ల వాళ్లకీ నేను 'ఇంట్లోనే ఉండే మనిషి'ని. తాళాలు నా దగ్గరే. రేషను షాపులో పంచదార వచ్చిందంటే కార్డులు నా దగ్గరికే. పోస్టుమాను తెచ్చే మనియార్డర్లు, మునిసిపాలిటీ కుళాయి దగ్గర వంతులు, పక్కింటి పిల్ల బడినుంచి వస్తే మంచినీళ్లు. స్కూలుకి వెళ్లే రోజుల్లో ఒక్కరూ నన్ను పిలిచేవారు కాదు. జీతం నెలకి మూడువందల యాభై అయినా, గుమ్మం దాటి వెళ్లేదాన్ని గనక నాది పని. ఇప్పుడు రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని పేజీలు నింపినా అది కాలక్షేపం. మావారూ పరాయివాళ్లేం కాదు. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అన్న మాట ఆయన నోటంట రోజుకి ఎన్నిసార్లు వచ్చేదో! పాపం, మనసులో ఏమీ లేదు. గాడ్విన్‌కి మాత్రం ఏముంది? మంచివాడే.

ఆ చీటీ రాసిన అయిదు నెలలకి, సెప్టెంబరు 10న, ఆవిడ పోయింది. ముప్ఫై ఎనిమిదేళ్లు.

"సరే అమ్మా, నేను మానొచ్చా, మానకూడదా?" అంది మా అమ్మాయి.

"నాలుగు నెలల అద్దె బ్యాంకులో ఉందా? నిన్ను నమ్మి ముందుగా పని ఇచ్చేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? బొమ్మ మీద నీ పేరు వేస్తామని కాగితం మీద రాసిస్తారా?" అని వరసగా అడిగాను. మొదటిదానికి ఉందంది. రెండోదానికి ఉన్నారంది. మూడోదానికి "అడుగుతా" అంది.

"మరి మీ ఆయన?"

"ఆయనకేం, సంతోషమే. ఇంట్లోనే ఉంటాను గదా, కొరియర్లూ, ప్లంబర్లూ..." అని ఆగిపోయింది. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం.

1985లో ఆ చీటీ చదివిన సాయంత్రం నేను మావారికి ఆ నాలుగు వాక్యాలు తెలుగులో చెప్పి వినిపించాను. "ఎవరీవిడ?" అన్నారు. చెప్పాను. ఏమీ అనకుండా కాఫీ తాగారు. ఆ మర్నాడు గ్యాసు బండ వచ్చే రోజు. బండవాడు పదింటికి వస్తాడో మూడింటికి వస్తాడో తెలియదు, గుమ్మంలో కనిపెట్టుకుని కూర్చోవాలి. నేను తలుపు దగ్గరికి కుర్చీ లాక్కోబోతే, ఆయన ఆ కుర్చీ తీసుకుని, ఆఫీసుకి ఒక పూట సెలవు చీటీ రాసి పంపి, పేపరు విప్పుకుని కూర్చున్నారు. బండ మూడున్నరకి వచ్చింది. నాకు ఆ రోజు పదకొండు పేజీలు అయ్యాయి.